చింతపండు నీళ్ళలో మూడు గుల్లలు

మరిడమ్మ పొద్దున్నే చేసే మొదటి పని చింతపండు నానబెట్టడం. పులుసుకి కాదు, తూటా గుల్లలకి. రాజమండ్రిలో ప్రసన్నకుమారి గారి తుపాకుల రిపేరు షాపు వెనక వసారాలో పెద్ద సత్తు బేసిన్ ఒకటి ఉంటుంది. పేలి, మసిపట్టి వచ్చిన ఇత్తడి గుల్లలన్నీ అందులోకి చేరతాయి. మరిడమ్మ వాటిని చింతపండు నీళ్ళలో ముంచి, కొబ్బరి పీచుతో తోమి, గుడ్డ మీద ఆరబెట్టి, ఒక్కొక్కటే చెవికి ఆనించి వింటుంది. మాట బాగుంటే ఒక డబ్బాలో వేస్తుంది, బాగోకపోతే ఇంకో డబ్బాలో.

గుల్ల మాట్లాడుతుందన్నది అక్కడెవరికీ వింత కాదు. పేల్చేముందు, పేల్చే మనిషి నోటినుంచి వచ్చిన ఆఖరి మాట తుపాకీ గదిలో, అంటే తూటా కూర్చునే చోట, ఉండిపోతుంది. తర్వాత పేలే తూటా గుల్ల వేడికి ఉబ్బి, ఆ గది గోడలకి అతుక్కుని, గది ఆకారంతో పాటు ఆ మాటనీ పట్టుకుని బయటికొస్తుంది. అందుకే గుల్ల మాట ఎప్పుడూ ఒక పేలుడు వెనకబడి ఉంటుంది. గోదారి ఒడ్డున తుపాకీ పట్టినవాళ్ళంతా 'వీరభద్రా' అని పేలుస్తారు. అలా అనడం మానేసి పెళ్ళాన్ని తిట్టుకుంటూ పేల్చిన ఒక పెద్దమనిషి గుల్లలు విని, ప్రసన్నకుమారి, మరిడమ్మ వారం రోజులు నవ్వుకున్నారు. మూతి దగ్గర మంట చూపిస్తే ఇత్తడి మెత్తబడుతుంది, మాట ఎగిరిపోతుంది. బాగోని మాటల డబ్బా సాయంత్రానికి ప్రసన్నకుమారి బర్నర్ దగ్గరికి వెళ్ళేది.

మరిడమ్మకి ఈ పని దొరికి ఏడేళ్ళయింది. ఆమెది పట్టిసీమ. తొంభై ఆరు చలికాలంలో ఆమె మొగుడు సూరి జ్వరంతోనే, తను కౌలుకి చేసే మొక్కజొన్న చేను కాపలాకి బయల్దేరితే, తన నల్ల కంబళి తీసి మెడదాకా కప్పి పంపింది. తెల్లారాక మంచులో పందనుకుని చేను ఆసామి చంద్రరావు గారు కాల్చేశారు. చుట్టూ చేరిన జనంలో ఎవరూ ఏమీ అనకముందే చంద్రరావు గారే అన్నారు, "మరిడమ్మనేం అనకండి. మొగుడికి జ్వరమని కప్పింది, పాపం. ఆ నల్ల కంబళి నాకు పందిలా కనపడింది." అప్పటిదాకా కంబళి ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత ఊళ్ళో ఇంకో ఊసు లేదు. కాల్చినాయన మీద జాలిపడ్డారు, కప్పినదాన్ని కంబళి మరిడమ్మ అన్నారు. పదకొండో రోజు దాటగానే అత్తగారు ఆ కంబళిని తాడేసి కట్టి ఆమె ఒళ్ళోకి విసిరేసి తలుపేసుకుంది.

మరిడమ్మ ఆ మూట విప్పలేదు. వసారా దూలానికి వేలాడదీసి, దాని కిందే పడుకునేది. పారేయడానికి చెయ్యి రాలేదు, చూడటానికి ధైర్యం చాలలేదు. తన చేత్తో చంపుకున్నానని నమ్మింది. ఏడు చలికాలాలు ఒంటి మీద చీరకొంగు తప్ప ఇంకేదీ కప్పుకోలేదు.

ఆ డిసెంబరులో ఒక ఉదయం చంద్రరావు గారు షాపుకొచ్చారు. చేతిలో పొడుగాటి కాన్వాసు సంచి. ఏళ్ళ తరబడి తుపాకీ మోతలకి దెబ్బతిన్న ఆయన చెవులు ఈ ఏడేళ్ళలో పూర్తిగా పోయాయి. తనకి వినపడదు కాబట్టి అందరికీ వినపడదనుకుని అరుస్తూ మాట్లాడతారు.

"కేసు కొట్టేశారండి, రైఫిలు తిరిగిచ్చారు," అన్నారు ప్రసన్నకుమారితో. "మా తాతగారి నాటిది. అమ్మేద్దామనుకుంటున్నాను. కొనేవాడు తూటాలేవీ అంటున్నాడు. నా దగ్గరున్న ఆఖరిది ఆ రోజే అయిపోయింది."

అలాంటి తూటాలు రావడం మానేసి పాతికేళ్ళు దాటింది. వేరే జాతి గుల్ల తెచ్చి, మెడకి మంట చూపి మెత్తబెట్టి, కొంచెం మందు కూరి ఆ రైఫిల్లోనే ఒకసారి పేల్చాలి. అప్పుడు ఇత్తడి ఉబ్బి, ఆ గదికి తప్ప ఇంకే గదికీ పట్టని ఆకారంలోకి వస్తుంది. గుల్లకి గది చూపించడం అంటుంది దాన్ని ప్రసన్నకుమారి. రాజమండ్రిలో ఆ పని తెలిసిన మనిషి ఆవిడొక్కతే.

"ముందు మూడింటికి చూపిస్తానండి. కుదిరితే మిగతావి చేద్దాం," అందావిడ.

చంద్రరావు గారు వసారాలోకొచ్చి బల్ల మీద కూర్చున్నారు. తోముతున్న మనిషిని అప్పుడు గుర్తుపట్టారు. "ఏమ్మా మరిడమ్మా, ఇక్కడున్నావా? బాగున్నావా?" అన్నారు.

"ఆయ్, బాగున్నానండి," అంది మరిడమ్మ తల వంచుకుని. ఈ మనిషిని చూస్తే ఆమెకి కోపం రాదు, సిగ్గేస్తుంది. తన మూలాన ఈయన కోర్టుల చుట్టూ తిరిగాడని.

దొడ్లో ఇసుక బస్తాల మధ్య గొయ్యి ఉంది. ప్రసన్నకుమారి అక్కడ నిలబడి, "వీరభద్రా" అని గట్టిగా అని పేల్చింది. మూడుసార్లు అని మూడుసార్లు పేల్చింది. వేడి గుల్లల్ని పట్టకారుతో తీసుకొచ్చి, ఎప్పుడూ చేసే పనే కదా, తిన్నగా మరిడమ్మ బేసిన్లో వేసేసింది. నీళ్ళు చుయ్యిమన్నాయి.

చంద్రరావు గారు గభాల్న లేచారు. "మొదటి గుల్ల నాకివ్వండి. తోమక్కర్లేదు."

"అయ్యో, మూడూ కలిసిపోయాయే," అంది ప్రసన్నకుమారి, ఆయనకి వినపడేలా. "ఏం, మొదటిదెందుకండీ?"

ఆయన చొక్కా చేతులు కూడా మడుచుకోకుండా చింతపండు నీళ్ళలోకి చేతులు పెట్టి, గుల్లలు తీసి ఒక్కొక్కటే చెవికి ఆనించుకున్నారు. పులుపు నీళ్ళు మోచేతుల మీదుగా కారి పంచె తడిసింది. మొదటిది విన్నారు, రెండోది విన్నారు, మూడోది విన్నారు, ఏ మాటా చెవికందక మళ్ళీ మొదటికొచ్చారు. అంత మనిషి బేసిన్ దగ్గర గొంతుక్కూర్చుని అలా వెతుక్కుంటుంటే మరిడమ్మకి చూడబుద్ధి కాలేదు.

"ఇలా ఇవ్వండయ్యగారూ, నేను విని చెప్తానండి."

ఆయన ఇవ్వలేదు. ఆమే ఆయన చేతిలోంచి మెల్లిగా తీసుకుంది. అలవాటైన చేతులు, అడ్డుకునేలోపే ఒకటి చెవి దగ్గరికి చేరింది. వీరభద్రా, అంది ప్రసన్నకుమారి గొంతు. రెండోదీ అంతే. మూడోది పెట్టుకుంది.

"ఏం సూరీ, కంబళి తీసేశావేం? జ్వరం తగ్గిందా?"

చంద్రరావు గారి గొంతే. అరుపు లేదు. ఏడేళ్ళ కిందటి, చెవులున్ననాటి మెత్తటి గొంతు. ఎదురుగా నిలబడ్డ మనిషిని పలకరించే గొంతు. మరిడమ్మ మళ్ళీ విన్నది. ఇంకోసారి విన్నది. ఆమె మొహం చూసి ప్రసన్నకుమారి వచ్చి ఆ గుల్ల తీసుకుని తనూ విన్నది.

"ఏమంటోంది?" అని అరిచారు చంద్రరావు గారు. "ఏడేళ్ళు ఆరిపోయిన తుపాకీ, అందులో ఏముంటుంది? ఏమున్నా కాల్చేయండి. బర్నర్ వెలుగుతూనే ఉందిగా, కాల్చేయండి."

ప్రసన్నకుమారి వెళ్ళి బర్నర్ ఆపేసింది. గుల్లని తెచ్చి మరిడమ్మ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

మరిడమ్మ బల్ల ఎక్కి దూలానికున్న మూట దించింది. తాడు ముడి ఊడి రాకపోతే పళ్ళతో కొరికి తెంపింది. పురుగు పట్టకుండా తాడు సందుల్లో దోపిన ఏడేళ్ళ వేపాకు పొడి పొడిగా రాలింది. కంబళిని వసారాలో ఎండ పడేచోట పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, ఈ చివర్నించి ఆ చివరిదాకా అరచేత్తో తడుముతూ వెళ్ళింది. నడి మధ్యలో నెత్తురు ఎండి అట్టకట్టిన మరక ఉంది. తూటా చిల్లు లేదు. తిరగేసి చూసింది. ఎక్కడా లేదు. కాల్చాక ఒంటి మీద కప్పిన కంబళి అది. ఆ రోజు పంచనామా రాసినవాళ్ళు ఎవరూ దీన్ని విప్పించి చూడలేదు. ఆసామి చెప్పాక ఇంక చూసేదేముందనుకున్నారు.

ఆమె లేచి చంద్రరావు గారి దగ్గరికొచ్చి, చెవి పక్కన నోరు పెట్టి, ఒక్కో మాటా విడమరిచి చెప్పింది. "ఏం సూరీ, కంబళి తీసేశావేం, జ్వరం తగ్గిందా. ఇదండీ అది అన్నది."

ఆయన ఖాళీ చెయ్యమన్నా కౌలు చేను వదలనని సూరి ఆ ఏడాదంతా మొండికేసిన సంగతి ముగ్గురికీ తెలుసు, దాన్ని మళ్ళీ చెప్పుకోవలసిన పని లేదు. బేసిన్లోని నీళ్ళకేసి చూస్తూ ఆయన ఒక్కటే అడిగారు. ఈసారి అరవలేదు.

"వాడి గొంతు కూడా ఉందా అందులో?"

"లేదండి. మీదొక్కటేనండి."

"తగ్గిందండి, అన్నాడు," అన్నారు చంద్రరావు గారు. "నవ్వుతూ అన్నాడు."

తర్వాత లేచి, రైఫిలు అక్కడే వదిలేసి, తడి పంచెతో సందు దాటి వెళ్ళిపోయారు. ప్రసన్నకుమారి షట్టరు దించి, గుల్లనీ రైఫిల్నీ కంబళినీ పట్టుకుని మరిడమ్మతో కలిసి, పట్టిసీమ కేసు రాసుకున్న పోలీసు స్టేషనుకి వెళ్ళింది. అక్కడ రైటరు గుల్లని చెవి దగ్గర పెట్టుకుని విని, పాత ఫైలు కోసం బీరువా తాళం తీశాడు. వాళ్ళు వెళ్ళేసరికే చంద్రరావు గారు అక్కడి బెంచీ మీద కూర్చుని ఉన్నారు, ఎవరూ పిలవకుండానే.

వారం తిరక్కుండా అత్తగారి దగ్గర్నుంచి రమ్మని కబురొచ్చింది. వస్తానని గానీ రానని గానీ చెప్పి పంపలేదు మరిడమ్మ. ఆమెకి వేరే ఆలోచన ఉంది. స్టేషనులో పంచనామాకని ఆ కంబళిని తీసుకుని, విప్పి చూసి, రాసుకుని, మూడో రోజున తిరిగిచ్చారు. గుల్లలు తోమే పని పక్కన పెట్టి, కుంకుడుకాయ రసంతో దాన్ని రెండుసార్లు ఉతికి దొడ్లో తీగ మీద ఆరేసింది. మరక పూర్తిగా పోలేదు.

ఆ సాయంత్రం గోదారి మీదనుంచి చలిగాలి లేచింది. జ్వరం తగ్గిందండి, అని తనలో తను అనుకుంది మరిడమ్మ. నేను కప్పిన కంబళికి తగ్గింది. ఇంకా కాస్త తడిగానే ఉన్న దాన్ని మెడదాకా లాక్కుని పడుకుంది.