పధ్నాలుగో నంబరు మ్యాన్‌హోల్

ల్యాబ్‌లో అందరూ అతన్ని బకెట్టు అనే పిలుస్తారు. పని అలాంటిది మరి. పొద్దున్నే, ఊరంతా స్నానాలు ముగించే వేళకి, ఇనుప కొక్కెంతో మ్యాన్‌హోల్ మూత ఎత్తాలి. తాడు కట్టిన స్టీలు బకెట్టు కిందికి వదలాలి. లీటరు మురుగునీళ్ళు తోడి సీసాలో పోసి, మూత బిగించి, ఐసు పెట్టెలో పెట్టుకుని ల్యాబ్‌కి చేర్చాలి. అంతకుముందు పదేళ్ళు మరమ్మతు పనివాడిగా ఆ కాలవల్లో దిగి ఎక్కినవాడు. ఏ వీధి మురుగు ఏ గొట్టంలోంచి ఎక్కడ తేలుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. జనం కడుపులో ఏ జబ్బు తిరుగుతోందో వాళ్ళకన్నా ముందు వాళ్ళ మురుగుకే తెలుస్తుందని ల్యాబ్ మేడమ్ కొత్తవాళ్ళకి చెబుతుంటే, పక్కన నిలబడి గర్వంగా మీసం దువ్వుకునేవాడు.

ఆ సోమవారం మేడమ్ అతన్ని లోపలికి పిలిచి తలుపు వేసింది.

"పధ్నాలుగులో పోలియో వచ్చింది."

"ఏ పధ్నాలుగు మేడమ్?" అన్నాడు, ఇంకో పధ్నాలుగు ఎక్కడో ఉన్నట్టు.

"మూడు వారాల కిందట నువ్వు తెచ్చిన సీసానే. రెండుసార్లు చూశాం. అనుమానం లేదు."

ఆ మ్యాన్‌హోల్‌లోకి మూడు వీధుల నీళ్ళు వస్తాయి. మూడో వీధిలో, నాలుగో ఇల్లు అతని చెల్లెలిది. చెల్లెలికి పది నెలల కూతురు. నెల తక్కువగా పుట్టి, పుట్టగానే పచ్చకామెర్లతో ఆసుపత్రిలో పడుకుంది. తర్వాత రెండిళ్ళు మారారు, ఆ మార్పుల్లో టీకాల కార్డు ఎటో పోయింది. చుక్కలు వేయించాల్సిన ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డొచ్చింది. ఇదంతా అతనికి తెలుసు. తెలిసి కూడా, వేయిస్తారులే అనుకున్నాడు.

మేడమ్ ఒక కాగితం అతని ముందుకి జరిపింది. "ఇక్కడ సంతకం పెట్టు. వచ్చే వారం శనివారం దాకా ఈ విషయం గది దాటకూడదు. ఆ మూడు వీధులకీ సరిపడా మందు ఆ ముందురోజు శుక్రవారానికి గాని రాదు. మందు చేతిలో లేకుండా జబ్బు సంగతి చెబితే ఏమవుతుందో పోయినేడు చూశాంగా."

చూశారు. పోయినేడు ఇంకో పేటలో ఇలాంటిదే బయటికి పొక్కితే, నీళ్ళలో విషం కలిపారని పుకారు లేచింది. ఆరోగ్యశాఖ వ్యాను అద్దాలు పగలగొట్టారు. మూడు నెలలు ఒక్క తల్లి కూడా బిడ్డ నోరు తెరవనివ్వలేదు. పొక్కించింది ల్యాబ్ డ్రైవరు, వాళ్ళ అక్క అక్కడ ఉండేది. మర్నాడే వాడి ఉద్యోగం ఊడింది.

"నీకు ఆ వీధుల్లో ఎవరన్నా ఉన్నారా?" అంది మేడమ్, కాగితం వంక చూస్తూనే.

డ్రైవరు మొహం కళ్ళముందు మెదిలింది. "లేరు మేడమ్" అన్నాడు. సంతకం పెట్టాడు.

సాయంత్రం నేరుగా చెల్లెలింటికి వెళ్ళాడు. దారిలో రెండు సబ్బులు కొన్నాడు. చెల్లెలు వాటిని చూసి పకపకా నవ్వింది.

"ఏంటన్నయ్యా, పిల్లకి బొమ్మ తెస్తావనుకుంటే సబ్బులు తెచ్చావు? నీ దగ్గర కంపు కొడుతోందని మేమెప్పుడైనా అన్నామా?"

"పిల్లని ముట్టుకునే ముందు చేతులు కడుక్కోండమ్మా. నీళ్ళు కాచి పట్టు. ఇదుగో, ఈ బుధవారం క్లినిక్‌లో చుక్కలు వేస్తారు, తప్పకుండా తీసుకెళ్ళు."

"సరేలే, వెళ్తాను. ఎందుకంత కంగారు?"

"కంగారేముంది. పది నెలలొచ్చాయిగా."

బుజ్జిది అతని వేళ్ళు పట్టుకుని లేచి నిలబడింది. ఈమధ్యే నేర్చుకున్న విద్య అది. నిలబడి, తనెంత గొప్ప పని చేసిందో అందరూ చూశారా లేదా అని చుట్టూ చూసి, చతికిలబడింది.

గురువారం మళ్ళీ వెళ్ళాడు. "వేయించావా?"

"జలుబన్నయ్యా. ముక్కు చూడు, కారిపోతోంది. వచ్చే బుధవారం వేయిస్తాలే."

"జలుబుంటే ఏం? వేస్తారు."

"ఒంట్లో బాగోలేనప్పుడు మందెందుకని మీ బావ వద్దన్నాడు."

చెప్పేద్దామని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే బావ లోపలికి వచ్చాడు, భుజం మీద తువ్వాలుతో, ఎవరిదో కథ సగంలో చెప్పుకుంటూ. బావకి వీధి మొదట్లో మంగలి షాపుంది. మంచివాడే, కానీ కడుపులో మాట దాగదు. ఆయన చెవిన పడిన కబురు రెండు గడ్డాలు గీసేలోగా మూడు వీధులూ తిరుగుతుంది. శనివారం దాకా, ఇంకో తొమ్మిది రోజులే కదా అనుకున్నాడు బకెట్టు. తెరిచిన నోరు టీ తాగడానికి వాడుకున్నాడు.

ఆ తొమ్మిది రోజుల్లో అతను సరిగా తిన్నది లేదు. మ్యాన్‌హోళ్ళ దగ్గర తాడు వదిలి, సీసా నింపడం మర్చిపోయి నిలబడేవాడు. చెల్లెలికి ఫోన్ చేసి, చేతులు కడుక్కుంటున్నారా అని అడిగేవాడు. "నీకేమైనా చాదస్తం పట్టిందా అన్నయ్యా?" అనేది ఆమె.

మంగళవారం పిల్లకి జ్వరం వచ్చింది. బుధవారం క్లినిక్‌కి వెళ్ళలేదు. గురువారం జ్వరం తగ్గింది. శుక్రవారం పొద్దున చెల్లెలి దగ్గర్నుంచి ఫోన్ వచ్చేసరికి అతను ఒక రోడ్డు మధ్యలో, మూత తీసిన గుంత పక్కన మోకాళ్ళ మీద ఉన్నాడు.

"అన్నయ్యా, బుజ్జిది కుడికాలు ఆనించట్లేదు. నిలబెడితే పక్కకి పడిపోతోంది. గిల్లితే ఏడుస్తోంది గానీ కాలు లాక్కోవట్లేదు. జ్వరం నీరసమేనంటావా?"

"ఆసుపత్రికి పద. నేనొస్తున్నా" అని మాత్రం అన్నాడు.

పిల్లల డాక్టరు చిన్న సుత్తితో ఎడమ మోకాలి కింద కొట్టింది. పాదం ఎగిరింది. కుడి మోకాలి కింద కొట్టింది. మళ్ళీ కొట్టింది. సుత్తి జేబులో పెట్టుకుని, ఇవాళ ఒకసారి, రేపు ఒకసారి పిల్ల మలం డబ్బాలో పట్టి ల్యాబ్‌కి పంపాలంది.

పంపడమంటే తీసుకెళ్ళేది ఎవరు? రోజూ తెచ్చే మనిషే. నర్సు ఇచ్చిన డబ్బాని అతను తన పెట్టెలో, ఐసు మధ్యన పెట్టుకున్నాడు. చీటీ మీద వయసు, వీధి, కాలు పడిపోయిన తేదీ రాయాలి. తేదీ దగ్గర పెన్ను ఆగిపోయింది. నర్సు అతని చేతిలోంచి పెన్ను తీసుకుని తనే రాసింది.

ల్యాబ్‌లో మేడమ్ చీటీ చదివింది. అతని మొహం చూసింది. మళ్ళీ చీటీ చూసింది.

"ఎవరు?"

"మేనకోడలు."

ఆమె గ్లౌజులు తీసి బల్ల మీద పెట్టింది. "ఆ రోజు అడిగానుగా నిన్ను, ఎవరన్నా ఉన్నారా అని. నిన్ను పన్లోంచి తీసేద్దామని అడిగాననుకున్నావా? ల్యాబ్ వాళ్ళ కోసమని ఫ్రిజ్‌లో పది డోసులున్నాయి. ఆ సాయంత్రమే నర్సుని పంపేదాన్ని."

అతని పక్కన ఐసు పెట్టె మూత తెరిచే ఉంది. మేడమ్ వచ్చి డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళింది, పని ఆగకూడదు కాబట్టి.

శనివారం అనుకున్న ప్రకారమే మైకులు, వ్యాన్లు, తెల్లకోట్లు ఆ వీధుల్లోకి వచ్చాయి. బావే షాపు మూసేసి నర్సుల వెంట ఇల్లిల్లూ తిరిగాడు. "మా పిల్ల సంగతి చూశారుగా, వేయించండమ్మా" అని చేతులు పట్టుకుని బతిమాలాడు. ఒక్క తల్లి కాదనలేదు.

సాయంత్రం ఆసుపత్రి మెట్ల మీద చెల్లెలు ఒక్కతే కూర్చుని ఉంటే అతను పక్కన కూర్చున్నాడు. ఎవరో చెప్పగా తెలియడం కన్నా తను చెప్పడమే మేలనుకున్నాడు.

"నాకు ముందే తెలుసమ్మా."

"ఏం తెలుసు?"

"మన వీధిలో ఉందని."

చెల్లెలు అతని వైపు తిరిగింది. "ఎన్ని రోజుల ముందు?"

"కాలు పడిపోడానికి పదకొండు రోజుల ముందు. సబ్బులు తెచ్చిన రోజు."

ఆమె అరుస్తుందనుకున్నాడు, కొడుతుందనుకున్నాడు. ఆమె వేళ్ళు మడుచుకుంటూ ఏదో లెక్కపెట్టింది.

"రెండుసార్లు ఎత్తుకున్నావు దాన్ని. రెండుసార్లూ ఈ నోటితోనే ముద్దు పెట్టుకున్నావు."

"ఆ రోజే వేయించినా ఆగేదో లేదో అంది డాక్టరు. అప్పటికే లోపల ఉండి ఉండొచ్చట. ఎవరూ చెప్పలేరట."

"డాక్టరు చెప్పలేకపోతే పోనీ. నువ్వు చెప్పు అన్నయ్యా. నేను జలుబన్నప్పుడు నువ్వు ఒక్కమాట చెప్పి ఉంటే, అది జలుబుతో ఉన్నా చంకనేసుకుని పరిగెత్తేదాన్నా, కాదా?"

అతనికి తెలుసు. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తేది.

"మీ బావతో చెప్పొద్దంటే చెప్పేదాన్ని కాదు. నన్నడిగావా?" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

రెండు నెలలు గడిచాయి. పధ్నాలుగో నంబరు నీళ్ళు వారం వారం తోడుతూనే ఉన్నాడు. వరసగా ఆరు సీసాల్లో ఏమీ దొరకలేదు. పెద్దాఫీసు నుంచి వచ్చినాయన అందర్నీ కూర్చోబెట్టి, ఇంత జనం ఉన్న పేటలో ఒక్క కేసుతో ఆపగలిగామంటే మామూలు మాట కాదన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మేడమ్ కొట్టలేదు. బకెట్టు కొట్టాడు, కొట్టకపోతే ఎందుకని అడుగుతారని.

గురువారాలు పిల్లకి కాలి వ్యాయామం చేయించాలి. బావకి షాపు, చెల్లెలికి నడుం నొప్పి. మూడు అంతస్తుల మెట్లు పిల్లని మోయడానికి ఎవరో ఒకరు కావాలి కాబట్టి చెల్లెలు అతన్ని రానిచ్చింది. అతను పిల్లని ఎత్తుకుని ముందు ఎక్కుతాడు, ఆమె సంచీ పట్టుకుని వెనక వస్తుంది. ఆమె అతనితో మాట్లాడదు. ఏదన్నా చెప్పాలనుంటే పిల్లతో చెబుతుంది. కుడికాలు అతని పొట్ట పక్కన వేలాడుతూ ఉంటుంది, ఎడమకాలు మాత్రం తంతుంది.

ఆ గురువారం, నిలబడ్డానికి ఊతంగా కాలికి తొడిగే పట్టీ కొలతలు తీసుకున్నారు. పట్టీలు చేసే ముసలాయన టేపుతో తొడ, పిక్క, మడమ కొలిచి కాగితం మీద రాసుకున్నాడు. కుడిపిక్క ఎడమదానికన్నా అప్పుడే సన్నబడింది.

"పిల్ల పెరిగేకొద్దీ ఏడాదికోసారి మారుస్తూ ఉండాలమ్మా. ఒక్కోసారి తయారీలో తేడాలొస్తాయి, ఆలస్యమవుతుంది. అలాంటిదేమైనా ఉంటే ముందుగా ఎవరికి చెప్పమంటారు?"

చెల్లెలు పిల్లకి సాక్సు తొడుగుతోంది. తలెత్తకుండానే అంది:

"మా అన్నయ్యకి చెప్పండి. అన్నీ ముందుగా తెలిసేది ఆయనకే."

ముసలాయన సరేనని పెన్ను తీశాడు. బకెట్టు తన నంబరు చెప్పాడు. మధ్యలో ఒక అంకె తప్పు చెప్పి, దిద్దుకుని, మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు.