గంజి పెట్టిన దుప్పటి

ఆ ఇంట్లో ఏడాదికొక పదవి ఉంది. దానికి ఓట్లతో పనిలేదు, చేపలు పడితే చాలు. బడులకు సెలవులిచ్చాక వచ్చే మొదటి ఆదివారం పొద్దున్నే ఇంటిల్లిపాదీ ఊరి బయట ఏటికి వెళ్తారు. పెద్ద చేపకు గాలం వెయ్యాలంటే ముందు ఎర కావాలి. అందుకని ఏటిలో కలిసే పిల్లకాలువలో అరగంటసేపు పరిగెలు పడతారు. పరిగెలంటే వేలెడంత కూడా ఉండని చిన్నచేపలు. ఎవరి బకెట్టు వాళ్ళది. ఎక్కువ పట్టినవాళ్ళు ఆ ఏడాదికి ఎర మహారాణి. ఆ బకెట్టులోని చేపే మొదటి గాలానికి ఎక్కుతుంది. మగవాడు గెలిస్తే ఏమని పిలవాలన్న చిక్కు ఇంతవరకూ రాలేదు, ఎందుకంటే తొమ్మిదేళ్ళుగా గెలుస్తున్నది నానమ్మ.

నానమ్మ ఆ ఇంటికే కాదు, వీధి మొత్తానికీ నానమ్మే. ఆసుపత్రి లాండ్రీలో ముప్పై రెండేళ్ళు దుప్పట్లు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి రిటైరైన మనిషి. ఆవిడ మడతపెట్టిన దుప్పటి అంచుతో కూరగాయలు తరగొచ్చని తోటిపనివాళ్ళు వేళాకోళం చేసేవారు. ఆవిడ దాన్ని పొగడ్త కిందే జమకట్టుకుంది.

పోటీకి నిబంధనలు రెండు, రెండూ ఆవిడ పెట్టినవే. కొన్న వల పనికిరాదు, ఇంట్లో వాడే వస్తువుతోనే పట్టాలి. నీళ్ళలో దిగినవాళ్ళ బకెట్టే లెక్కలోకి వస్తుంది. ఒడ్డున కూర్చుని ఉపాయాలు చెప్పేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు, వాళ్ళకి కూడా పదవులిస్తే ఇక దిగేదెవరని ఆవిడ వాదన.

ఈ ఏడు ఆ రెండో నిబంధనే ఆవిడకు ఎదురు తిరిగింది. మోకాలికి ఆపరేషన్ అయి రెండు నెలలు. “ఏటి రాళ్ళ మీద కాలు పెట్టారంటే మళ్ళీ నా బల్ల మీదికే వస్తారు” అని డాక్టరు తేల్చి చెప్పేశాడు. బస్సు డ్రైవరైన కొడుకు ఆ మాటే పట్టుకున్నాడు.

“అమ్మా, ఈసారికి ఒడ్డున కుర్చీ వేస్తాను. సంచులు చూసుకుంటూ హాయిగా కూర్చో” అన్నాడు, ప్రేమగానే.

ఎంత ప్రేమగా అన్నా సంచులు సంచులే. నానమ్మకు తల కొట్టేసినట్టయింది. పదవి పోతుందని తనకేం బాధ లేదని పైకి అంది. ఉన్న బాధంతా పదవి గురించే. మొదటి గాలానికి తను పట్టిన చేపే ఎక్కాలి. ఒక్క ఏడు సంచుల దగ్గర కూర్చుంటే ఇక ఏటా అక్కడే కూర్చోబెడతారని, మనిషిని మెల్లగా సామానులో కలిపేస్తారని ఆవిడకు నిజంగానే భయం వేసింది.

అందుకని శనివారం బీరువాలోంచి ఒక దుప్పటి తీసింది. పల్చటి పాత నేత, నీళ్ళు ఇట్టే కారిపోతాయి. శుభ్రంగా ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచింది. దుప్పటిని నాలుగు మూలలా పట్టుకుని లేపాలంటే ఇద్దరు కావాలి. ఒకరు ఒడ్డున కుర్చీలో ఉన్నా, రెండోవాళ్ళు నీళ్ళలో నిలబడాలి, అప్పుడే బకెట్టు లెక్కలోకి వస్తుంది. కొడుకు పోటీలో ఉన్నాడు. మనవరాళ్ళిద్దరూ కవలలు, పదేళ్ళవాళ్ళు, వాళ్ళూ పోటీలో ఉన్నారు. నాలుగు నిమిషాల తేడాతో ఒకతి ‘పెద్దది’, ఇంకొకతి ‘చిన్నది’ అయి కూర్చున్నారు. ఇక మిగిలింది కోడలు.

కోడలు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తుంది. గోరు మీద పది పట్టేంత మరమేకుల్ని భూతద్దం కింద బిగిస్తుంది. నోట్లో నాలుక లేని మనిషి. చిన్నప్పుడెప్పుడో మునిగిపోబోయిందట, నీళ్ళంటే భయం. ఇన్నేళ్ళూ సంచుల దగ్గర కూర్చున్నది ఆవిడే. ఆ సంగతి నానమ్మకు ఆ ఆదివారం పొద్దున, పక్కపక్కన రెండు కుర్చీలు వేసినప్పుడు గుర్తొచ్చింది.

కొడుకు జల్లెడ పట్టుకుని కాలువలో పైకి వెళ్ళిపోయాడు. కవలలు ప్లాస్టిక్ సీసా మెడ కోసి, తిరగేసి దూర్చి, బోను తయారుచేసుకున్నారు. పెద్దది ఈల ఊదింది. అరగంట మొదలైంది.

“ఏటా ఇక్కడ కూర్చుని ఏం చేస్తుంటావమ్మాయ్?” అంది నానమ్మ.

“చూస్తుంటాను అత్తయ్యా.”

“ఏం చూస్తావు?”

“చేపలు ఎటు పోతున్నాయో. పైనుంచి ఈయన నీళ్ళు తొక్కుకుంటూ వస్తారు కదా, అవన్నీ బెదిరి ఈ కింద వంపులో గడ్డి దగ్గరికి చేరతాయి. మీరెప్పుడూ ఆ వంపు దాకా రాకుండానే ఆగిపోతారు.”

నానమ్మ కుర్చీలోనే కోడలి వైపు తిరిగింది. “తొమ్మిదేళ్ళ నుంచీ తెలిసుండి ఒక్కసారైనా చెప్పలేదేం?”

“ఒడ్డున కూర్చుని చెప్పేవాళ్ళ మాట లెక్కలోకి రాదన్నారు కదా అత్తయ్యా.”

అందులో ఎత్తిపొడుపేమీ లేదు. అందుకే ఇంకా చురుక్కుమంది. నానమ్మ కర్ర ఆసరాతో లేచి, కుర్చీని తనే ఈడ్చుకుంటూ వంపు దగ్గరికి నడిచింది. కోడలు కంగారుగా వెనకే వచ్చింది. అక్కడ ఒడ్డు చదునుగా ఉంది, నీళ్ళు కుర్చీకి మూరెడు దూరంలో ఉన్నాయి.

“మోకాలి లోతే. దిగుతావా?”

కోడలు నీళ్ళకేసి చూసింది. మొహం పాలిపోయింది.

“అసలెలా పడ్డావమ్మా అప్పుడు?” ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడగడం నానమ్మకు అదే మొదటిసారి.

“చెరువు మెట్ల మీద పాచి ఉంది. ఆరేళ్ళు నాకు. పడటం గుర్తులేదు. పైన వెలుగు కనిపిస్తూనే ఉంది, నేను అరుస్తూనే ఉన్నాను, ఎవరికీ వినబడలేదు. అది గుర్తుంది.”

నానమ్మ దుప్పటి తీసి రెండు మూలలు కోడలి చేతిలో పెట్టింది. “రెండు మూలలు నీ దగ్గర, రెండు నా దగ్గర. ముప్పై రెండేళ్ళలో నేను పట్టుకున్న కొస ఒక్కసారి కూడా జారలేదు. ఇవాళ నువ్వు గట్టిగా అరవక్కర్లేదు, గొణిగినా నాకు వినబడుతుంది.”

కోడలు బట్టలు మోకాళ్ళ పైకి మడిచింది. ఒక కాలు పెట్టి తీసేసింది. మళ్ళీ పెట్టింది. రెండో కాలు పెట్టినప్పుడు కళ్ళు మూసుకుంది. అలాగే అత్తగారి వైపు తిరిగి నాలుగు అడుగులు వెనక్కి వేసి, నీళ్ళు మోకాలు తాకాక ఆగి, కళ్ళు తెరిచింది. దుప్పటి మూలలు పట్టుకున్న చేతులు వణుకుతున్నాయి. నానమ్మ తన రెండు మూలలూ బిగించి పట్టుకుంది.

“ఇక పరుద్దాం. మునగనీ.”

దుప్పటి మునగలేదు. అప్పడంలా బిర్రుగా నీళ్ళ మీద తేలింది. నానమ్మ ఒక అంచును చేత్తో నొక్కితే రెండో అంచు లేచింది. అప్పుడు తట్టింది ఆవిడకు. ముప్పై రెండేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? శనివారం ఉతికాక, ఆలోచన చేపల మీద ఉండగా, చెయ్యి తన దారిన తను పోయి గంజి పెట్టేసింది. అదీ మామూలు గంజి కాదు, చిక్కటి పిండి గంజి. చేపలు పట్టే దుప్పటికి గంజి పెట్టి ఇస్త్రీ చేసిన మనిషి ఈ భూమి మీద తనొక్కతే ఉంటుందని ఆవిడకు ఖాయమైపోయింది.

కాలువ పైనుంచి కొడుకు చూశాడు. “అమ్మా! చేపలు పడుతున్నావా, పక్క వేస్తున్నావా?”

కవలలు నీళ్ళలో కూలబడి మరీ నవ్వారు. ఈలోగా గంజి కరిగి దుప్పటి చుట్టూ నీళ్ళు తెల్లగా మారాయి. నానమ్మకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కోడల్ని అనవసరంగా నీళ్ళలోకి దించింది, నలుగురిలో నవ్వులపాలు చేసింది.

“వచ్చేయ్ అమ్మాయ్, చాల్లే. నాదే బుద్ధితక్కువ.”

“కదలకండి అత్తయ్యా.”

కోడలు అత్తగారికి ఒక పని చెప్పడం అదే మొదటిసారి. నానమ్మ నిజంగానే బిగుసుకుపోయింది.

“ఏమైంది?” అని గుసగుసలాడింది.

“నోరు కూడా.”

కోడలు నీళ్ళలోకి చూస్తోంది. ఆవిడ చేతుల వణుకు ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు. దుకాణంలో చిన్న మరమేకు బిగించేటప్పుడు ఊపిరి బిగబడుతుందని కొడుకు ఎప్పుడో చెప్పాడు. ఇప్పుడు ఆ మనిషే అక్కడ నిలబడింది. నానమ్మ కళ్ళు చికిలించి చూసింది. నీళ్ళలో నాని దుప్పటి మెల్లగా అడుక్కి దిగుతోంది. తెల్లటి మసకలో గడ్డి వైపు నుంచి ఒక పరిగె వచ్చింది. దుప్పటిని నోటితో ఒకసారి పొడిచి చూసింది. దాని వెనక మూడు. ఆ తరవాత లెక్కపెట్టడం నానమ్మ వల్ల కాలేదు. గంజి తినడానికి కాలువలో పరిగెలన్నీ బంతికి కూర్చున్నట్టు వచ్చేశాయి. పైనుంచి కొడుకు జల్లెడతో నీళ్ళు చిందిస్తూ, పాపం, ఉన్నవాటిని కూడా ఇటే తోలుతున్నాడు.

ఇన్నేళ్ళూ చేపల వెంట పరుగెత్తి పట్టిన మనిషికి ఇలా కదలకుండా కూర్చోవడం మహా కష్టమైంది. ఇప్పుడు లేపుదాం అని నాలుగుసార్లు నోటిదాకా వచ్చింది. నాలుగుసార్లూ కోడలి మొహం చూసి మింగేసింది. తనకంటే బాగా తెలిసిన మనిషి ఎదురుగా ఉన్నప్పుడు నోరు మూసుకోవడం కూడా ఒక పనేనని ఆవిడకు అరవై ఎనిమిదో ఏట తెలిసింది.

“లేపండి” అంది కోడలు.

నాలుగు మూలలూ ఒక్క లిప్తలో లేచాయి. ఆ ఎత్తడంలో మాత్రం నానమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆవిడ మోచేతులు వాటంతటవే కదిలాయి, కోడలి చేతులు వాటిని అందుకున్నాయి. నీళ్ళన్నీ నేతలోంచి కారిపోయాయి. దుప్పటి నడుమ పరిగెలు ఎగిరెగిరి పడుతున్నాయి.

“అత్తయ్యా!” కోడలు అరిచింది. గొణగడం కాదు, అవతలి ఒడ్డుకి కూడా వినబడేలా అరిచింది. “పడ్డాయి అత్తయ్యా!”

బకెట్టులో గుమ్మరించి మళ్ళీ పరిచారు. అరగంట పూర్తయ్యేలోపు మూడుసార్లు లేపారు. మూడోసారికి కోడలు తనకు తెలియకుండానే తొడల్లోతు దాకా వెళ్ళిపోయింది. నానమ్మ చూసింది కానీ ఆ సంగతి గుర్తుచేయలేదు.

లెక్క మొదలైంది. కొడుకు బకెట్టులో పద్నాలుగు. కవలలవి పంతొమ్మిది. తామిద్దరం ఒక్కటే లెక్క అని వాళ్ళు ముందే ఒప్పందం చేసుకున్నారు. దుప్పటి బకెట్టులో యాభై మూడు.

“పదోసారి!” కొడుకు జల్లెడ గాల్లోకి విసిరాడు. “కాలు తడవకుండా గెలిచేశావు కదమ్మా! ఈ ఏడు కూడా మహారాణివి నువ్వే!”

నానమ్మకు ఆ మాట ఎంత తియ్యగా ఉందో చెప్పలేం. ఊ అంటే అయిపోతుంది. అడ్డు చెప్పేవాళ్ళు లేరు. తను కోరుకుని వచ్చింది కూడా సరిగ్గా అదే. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని ఆ తీపి అనుభవించింది కూడా. తరవాత కర్రతో నేల మీద తట్టింది.

“నీళ్ళలో ఉన్న కాళ్ళు ఎవరివిరా?”

అందరూ కోడలి వైపు చూశారు. ఆవిడ ఇంకా కాలువలోనే నిలబడి ఉంది.

“అయ్యో, అదేంటి అత్తయ్యా! దుప్పటి మీది, గంజి మీది, అనుకున్నది మీరు.”

“నేనున్నది ఒడ్డున. ఒడ్డున ఉన్నవాళ్ళకి లెక్క లేదని నీకు తొమ్మిదేళ్ళు చెప్పాను. ఇప్పుడు నేను కూర్చున్నానని ఆ మాట మార్చుకుంటే నా మొహం నేను చూసుకోలేను. ఈ ఏడు మహారాణి మా అమ్మాయే. కానివ్వండి, గాలం తెండి.”

గాలానికి బతికున్న ఎరను గుచ్చడం మోటు పని కాదు. లోపలికి దిగితే చేప చచ్చిపోతుంది, పైపైన గుచ్చితే విసిరినప్పుడు ఊడిపోతుంది. కోడలు తడి చేత్తో ఒక పరిగెను పట్టుకుంది. భూతద్దం లేకుండానే మొహం దగ్గరికి తెచ్చుకుని, పై పెదవి అంచున ముల్లును దించింది. ఒక్క నెత్తుటి చుక్క లేదు. నీళ్ళలో వదిలితే అది ఏమీ జరగనట్టే తోకాడిస్తూ ఈదింది.

నానమ్మ వంగి చూసింది. “ఇంత నీటుగా గుచ్చడం నాకు ఏనాడూ రాలేదు” అంది. ఆ మాట పైకి అన్నందుకు ఆవిడకు వెలితి అనిపించలేదు. ఛాతీ నిండిపోయింది. తొమ్మిదిసార్లు గెలిచినప్పుడు కూడా లోపల ఇంత నిండుగా లేదని గమనించి ఆవిడే ఆశ్చర్యపోయింది.

కొడుకు గాలం ఏట్లోకి విసిరాక, అవతల రాళ్ళ మీద పొద్దుటి నుంచీ ఉత్త చేతులతో కూర్చున్న పెద్దమనిషొకాయన డబ్బా పట్టుకుని వచ్చాడు. కొనుక్కొచ్చిన ఎరంతా దారిలోనే చచ్చిపోయిందట, రెండు పరిగెలు ఇప్పిస్తారా అని అడిగాడు. బకెట్టులోకి తొంగిచూసి కళ్ళు పెద్దవి చేశాడు.

“అమ్మో, ఇన్నా! ఎవరు పట్టారండీ?”

అలవాటు కొద్దీ కొడుకూ, కవలలూ నానమ్మ వైపు తిరిగారు. నానమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

“మా కోడలు” అంది. “నీళ్ళంటే ప్రాణభయం దానికి. వణుక్కుంటూ దిగి పట్టింది. భయం లేకుండా పట్టడంలో ఏముందండీ, తొమ్మిదేళ్ళు నేనూ పట్టాను.”