వత్తుల పరీక్ష

మిగతా అత్తలు ఊరికే తప్పులు పడతారు. మా అత్తగారు ముప్ఫై ఏళ్లుగా జీతం తీసుకుని మరీ పడుతున్నారు. ఆవిడ ప్రూఫ్ రీడర్. నేను పుస్తకాలకు కంప్యూటర్లో పేజీలు కడతాను, ఆవిడ వాటిని కాగితం మీద ఎర్రపెన్నుతో దిద్దుతారు. ఒకటే గది, ఒకటే బల్ల, ఎదురెదురు కుర్చీలు. మా పోట్లాటలన్నీ మార్జిన్లలోనే తీరిపోతాయి కాబట్టి వంటింట్లో మాత్రం మహా ప్రశాంతంగా ఉంటుంది.

వీధి చివర జిరాక్స్ షాపు మూతపడడంతో సొంతంగా ఒక ప్రింటరు కొనక తప్పలేదు. ప్రింటు, స్కాను, కాపీ మూడూ చేసేది కావాలి. మా ఆయన రెండు రోజులు ఇంటర్నెట్ అంతా జల్లెడ పట్టి, ఇంకు ట్యాంకుదా, లేజరుదా, వైఫై ఉన్నదా అంటూ మా బుర్రలు తినేశారు.

"ఆ గోలంతా నాకెందుకురా? వత్తులు తేటగా పడతాయా లేదా, అది చెప్పు" అన్నారు అత్తగారు.

ఆవిడ తొందరకు కారణం ఉంది. పోయిన పుస్తకంలో రెండు తప్పులు దొర్లాయని ప్రచురణకర్త ఫోన్ చేశాడు. వచ్చే వారం ఎనిమిది వందల పేజీల నిఘంటువు మా చేతికి రాబోతోంది, అందులో కూడా దొర్లితే ఇక వేరేవాళ్లని చూసుకుంటానన్నాడు. అత్తగారు ఆ నేరమంతా జిరాక్స్ షాపు అతని పాత మిషను మీదకు నెట్టేశారు. నేనూ నమ్మాను. కళ్లలో వత్తులు వేసుకుని మరీ వత్తులు వెతికే మనిషి ఆవిడ. ఆవిడని అనుమానించాలని ఎవరికి తోస్తుంది?

మేమిద్దరం ప్రింటర్లమ్మే షాపుకు బయలుదేరే ముందు ఆవిడ చెబుతూ ఉంటే నేను గబగబా కొన్ని మాటలు టైపు చేసి ఫోన్లో పెట్టుకున్నాను. రాష్ట్రం, సూక్ష్మం, అర్ఘ్యం, వైశిష్ట్యం, స్వాతంత్ర్యం. పాసు కావాలంటే ఏ ప్రింటరయినా ముందు ఈ పరీక్ష రాయాలన్నమాట.

షాపతను మమ్మల్ని చూడగానే ఉత్సాహంగా ఒక రంగుల పువ్వు ప్రింటు తీసి చూపించాడు.

"పువ్వులు మాకెందుకు బాబూ? ఈ పేజీ తియ్యి" అన్నారు అత్తగారు.

తీశాడు. ఆవిడ కాగితాన్ని దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా పెట్టుకున్నారు, దీపం కిందకు వెళ్లారు. "అలుక్కుపోయింది" అన్నారు. రెండో ప్రింటరు మీద తీశాడు. "ఇదీ అంతే." మూడోది షాపులోకెల్లా పెద్దది.

"ఇది ఆఫీసులవాళ్లు వాడేదమ్మా. ఇంతకంటే క్లియర్‌గా ఎక్కడా రాదు" అన్నాడతను, చెమట తుడుచుకుంటూ.

"వత్తులు కలిసిపోతున్నాయి బాబూ. ఇంకోటుంటే చూపించు."

నాకు ఒళ్లు మండింది. ఆ కాగితం లాక్కుని చూశాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఎంత స్పష్టంగా ఉన్నాయంటే నా తప్పు నాకే కనబడింది. హడావిడిలో 'స్వాతంత్య్రం' అని కొట్టాను. ముందు రావలసిన ర వత్తు వెనక్కి పోయి, య వత్తు ముందుకు దూరింది. ఈ ఒక్క మాట కోసం అత్తగారు పోట్లాడని రచయిత లేడు, ఆవిడ చేత దండం పెట్టించుకోని టైపిస్టు లేడు. అలాంటిది అదే తప్పు మూడు కాగితాల మీద మూడుసార్లు ఆవిడ కళ్లముందు నుంచి దర్జాగా నడిచి వెళ్లిపోయింది.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. భయం వేసింది. తలెత్తి చూస్తే ఆవిడ ముఖంలోనూ భయమే ఉంది.

"దీంట్లో కాపీ పెద్దదిగా వస్తుందా?" అని షాపతన్ని అడిగాను.

"ఒకటిన్నర రెట్లు పెట్టమంటారా మేడమ్?"

కాగితాన్ని అద్దం మీద బోర్లించి మూత వేశాడు. పెద్ద పెద్ద అక్షరాలతో పేజీ బయటికొచ్చింది. అత్తగారు అందుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. తర్వాత సంచిలోంచి పెన్ను తీసి, స్వాతంత్య్రం చుట్టూ సున్నా చుట్టారు. ముందు తీసిన కాగితాలు మూడూ తెచ్చుకుని, మూడింట్లోనూ అదే చోటు ఒకదాని తర్వాత ఒకటి చూశారు.

"ఇందాకే చూశావు కదూ?"

"చూశాను అత్తయ్యా."

"మరి చెప్పలేదేం?"

"మీరే పట్టుకుంటారని."

"మిషన్ల తప్పు కాదన్నమాట. పాపం, ఆ జిరాక్స్ అబ్బాయిని నానా మాటలూ అన్నాను" అన్నారు. ఎందుకో నాకు ఏడుపొచ్చింది.

ఆ ఒకటిన్నర రెట్ల ప్రింటరే కొన్నాం. టాక్సీలో పెట్టెను మా ఇద్దరి మధ్యా పెట్టుకుని కూర్చున్నాం. సగం దారి దాటాక ఆవిడే అన్నారు.

"రేపు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్దాం. నువ్వూ లోపలికి రా."

"వస్తాలెండి, తోడుగా."

"తోడుకి కాదే. అక్కడ గోడ మీద అక్షరాలు చదవమంటారు. ఆరు నెలల నుంచి నేను సగం చూసీ, సగం ఊహించీ పేజీలు లాగిస్తున్నాను. అక్కడా అలాగే ఊహించి చదివేస్తానేమో. మొహమాటపడకుండా పట్టుకో."