తెల్లకారుకి కట్టుడు పన్ను

నా ఉద్యోగం కొత్త కార్లకు వంకలు పెట్టడం. అవి మామూలు కార్లు కావు. ఇద్దరికి మాత్రమే చోటుండి, నేలను రాసుకుంటూ పోయేంత కిందికి ఉండి, స్టార్ట్ చేస్తే పక్క వీధి కుక్కలు కూడా లేచి నిలబడే స్పోర్ట్స్ కార్లు. ఎంత గొప్ప ఫ్యాక్టరీలో తయారైనా, రంగు దగ్గరికి వచ్చేసరికి అవీ మన ఇంటి గోడల్లాగే మోసం చేస్తాయి. ఒకచోట పైపూత కింద దుమ్ము రేణువు ఇరుక్కుంటుంది. ఒకచోట రంగు కన్నీటి చారలా జారి గడ్డకడుతుంది. ఇంకోచోట అద్దంలా ఉండాల్సిన తలుపు నారింజ తొక్కలా గరుకుగా తేలుతుంది.

షోరూమ్ వెనక ట్యూబ్‌లైట్లు వరసగా బిగించిన గది ఒకటుంది. కొన్నవాళ్ల చేతికి తాళం ఇచ్చే ముందు ప్రతి కారూ ఆ గదిలో నా ముందు నిలబడాలి. లోపం ఉన్న చోటల్లా చిన్న పసుపు టేపు ముక్క అంటిస్తాను. నా తర్వాత మా బావమరిది వచ్చి, అక్కడ మిషన్‌తో పాలిష్ పట్టి, బాగైందనుకున్నాక ముక్క పీకేస్తాడు. అంటించడం నా వంతు, పీకడం వాడి వంతు. ఒకరి పని ఒకరం ముట్టుకోం.

మా ఆవిడ ఉన్నప్పుడు ఈ టేపు ఇంటికీ వచ్చేది. నా జేబులోంచి టేపు చుట్ట తీసి, గడ్డం కింద నేను గీయడం మరిచిన చోట ఓ ముక్క అంటించి, "ఇక్కడ పాలిష్ కాలేదు" అనేది. కెమిస్ట్రీలో డిగ్రీ చేసిన మనిషికి సొంత గడ్డం గీసుకోవడం రాదని తమ్ముడికి ఫోన్ చేసి మరీ చెప్పేది. ఆవిడ పోయాక ఇంట్లో నాకు వంకపెట్టేవాళ్లు లేరు. అందుకే ఆ లైట్ల గదంటే నాకు ప్రాణం. పొద్దున్నే వెళ్తే అక్కడ "వచ్చావా బావా" అనే మనిషి ఒకడుంటాడు.

అలాంటిది నా కళ్లు మొరాయించాయి. మొదట్లో ట్యూబ్‌లైట్ల చుట్టూ మంచు కమ్మినట్టుండేది. లైట్లు పాతబడ్డాయని ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మార్పించాను. కొత్తవాటికీ మంచు పట్టింది. కళ్లద్దాలు తుడిచాను. తుడిచిన గుడ్డ మాసిందని గుడ్డ మార్చాను. కళ్ల డాక్టరు దగ్గరికి తప్ప అన్ని చోట్లకీ వెళ్లాను. సంగతి బయటపడితే నన్ను లైట్ల గదిలోంచి తీసి విడిభాగాల కౌంటర్లో కూర్చోబెడతారు. అక్కడి మరమేకులకు "బావా" అనడం రాదు.

అందుకని ఓ ఉపాయం పన్నాను. ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలిసిన చిట్కా ఒకటుంది. చేతికి పల్చటి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని రంగు మీద రాస్తే, వట్టి వేళ్లకు తెలియని నలుసు కూడా గులకరాయిలా తగులుతుంది. నేను కళ్లు మూసుకుని, సంచి తొడిగిన చేత్తో కారంతా నిమరడం మొదలుపెట్టాను. అది చూసి మేనేజర్ మురిసిపోయాడు. కొత్తగా చేరినవాళ్లను తీసుకొచ్చి, "ఏకాగ్రత అంటే అదీ" అని చూపించేవాడు. నేనూ తక్కువ తినలేదు. తల కొంచెం పైకెత్తి, రాగాలాపనలో మునిగిన విద్వాంసుడిలా మొహం పెట్టేవాణ్ణి.

ఆ రోజు వచ్చింది తెల్లకారు, ముత్యం లాంటి తెలుపు. కొన్నది ఒక పళ్ల డాక్టరమ్మ. మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్తుందన్నారు.

"బావా, దీన్ని ఓసారి ఎండలో పెట్టి చూద్దామా?" అన్నాడు బావమరిది.

"ఎందుకూ?"

"ముందు బంపర్ ఎలాగో ఉంది."

"ఎలాగో అంటే ఏ రంగురా? నేను చదివిన కెమిస్ట్రీలో అలాంటి రంగు లేదే."

"నువ్వు చదవనివి చాలా ఉన్నాయిలే. పద, బయటికి తోస్తాను."

"మీ అక్కకి తగ్గ తమ్ముడివి. బాగున్నదాన్ని బాగుందంటే మీ ఇంటా వంటా లేదు."

ఎండలోకి వెళ్తే నాకు తెల్లటి మంట తప్ప ఏమీ కనబడదు. ఆ మాట వాడికి చెప్పలేను. సంచి తొడుక్కుని బంపర్ మీద రాశాను. వెన్నలా ఉంది. ఒక్క నలుసు లేదు. "పాస్" అన్నాను. వాడు బంపర్ మీద ఓసారి పాలిష్ పట్టి, మిషన్ తుడుచుకోవడానికి వెళ్లిపోయాడు.

వేళ్లకు రంగు తెలియదన్న చిన్న విషయం డిగ్రీ చేసిన నా బుర్రకు తట్టనే లేదు.

డాక్టరమ్మ వచ్చింది. నడివయసు మనిషి, పెళ్లికూతురిని చూసినట్టు కారుని చూసింది. చుట్టూ తిరిగి, ముందుకొచ్చి, గొంతుకూర్చుని, తల పక్కకు వాల్చింది.

"ఇది కట్టుడు పన్నా?" అంది.

మేనేజర్ తెల్లబోయాడు. "మేడమ్?"

"ఈ ముందు ముక్కండీ. మిగతా ఒళ్లంతా పాలలా ఉంది. ఇదొక్కటీ పూటకో టీ తాగే మనిషి పన్నులా ఉంది."

"అది లైటింగ్ వల్ల మేడమ్, ఇక్కడి లైట్లు..."

"నాకు లైటింగ్ చెప్పకండి బాబూ. రోజంతా జనం నోట్లో లైటు వేసి చూసే పని నాది. పక్క పన్నుకీ కట్టుడు పన్నుకీ రంగు కలవకపోతే మనిషి నవ్వడమే మానేస్తాడు. ఇంత సరదాపడి కొనుక్కుని, నవ్వని కారు తోలుకుపోనా?"

ఆవిడ చెప్పింది నిజం. బంపర్ ప్లాస్టిక్‌ది. ఫ్యాక్టరీలో దానికి మిగతా రేకుతో కలిపి కాకుండా వేరేచోట రంగు వేస్తారు. ఎప్పుడైనా ఒక ఛాయ తేడా వస్తుంది. అది పట్టుకోవడానికే నన్ను పెట్టుకున్నారు.

మేనేజర్ నా వైపు తిరిగాడు. "సార్, మీకు కనబడలేదా?"

నేను నోరు తెరిచేలోపు బావమరిది ముందుకొచ్చాడు. "తప్పు నాది సార్. పాలిష్ ఎక్కువైంది. రంగు దిగిపోయింది."

పచ్చి అబద్ధం. పాలిష్ పడితే తెలుపు టీ రంగుకి తిరగదు. మేనేజర్‌కి ఆ సంగతి తెలియదు కాబట్టి వాడి ఉద్యోగానికే ఎసరు. నేను చేయాల్సిందల్లా ఊరుకోవడమే. ఊరుకోవడంలో నేను మొదట్నుంచీ దిట్టని. కానీ బంపర్ వైపు చూశాను. నా కంటికి బంపరూ, కారూ, మేనేజర్ చొక్కా, డాక్టరమ్మ కోటూ అన్నీ ఒకే టీ రంగులో ఉన్నాయి. వాడి మొహం కూడా మసకగానే ఉంది. ఆ మసకలోనూ వాడు నన్ను చూడకుండా నేలచూపులు చూడటం తెలుస్తోంది.

"వాడు కాదు సార్" అన్నాను. "నాకు కళ్లు సరిగా కనబడవు. తెలుపూ పసుపూ నాకు ఒకటే అయిపోయి చాలా రోజులైంది. కళ్లు మూసుకున్నది ఏకాగ్రత కోసం కాదు. తెరిచినా పెద్ద తేడా లేక."

డాక్టరమ్మ దగ్గరికొచ్చి, నా గడ్డం పట్టుకుని, మొహం వెలుతురు వైపు తిప్పింది.

"నోరు తెరవండి."

తెరిచాను.

"అయ్యో, అలవాటు! కళ్లు తెరవండి." కాసేపు చూసి నవ్వింది. "కళ్ల డాక్టర్ని కాను గానీ, శుక్లాలు నాకే తెలిసిపోతున్నాయి. చిన్న ఆపరేషన్. నా కారుకి కొత్త బంపర్ వచ్చేలోపు మీరూ చేయించుకుని రండి. ఈయన చూసి సరే అన్నాకే నేను తాళం తీసుకుంటాను మేనేజర్ గారూ."

కొన్నావిడ అలా అన్నాక మేనేజర్ ఇంకేమంటాడు? "అందాకా కౌంటర్లో కూర్చోండి సార్" అని మాత్రం అన్నాడు. మరమేకులతో కొన్నాళ్లు మౌనంగా గడిపాను.

ఆపరేషనయ్యాక ఇంటికొచ్చి బీరువా తెరిస్తే, తెల్లవనుకుని ఉతుక్కుంటున్న నా చొక్కాలన్నీ టీ వడకట్టిన గుడ్డల్లా ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆ చొక్కాలేసుకునే రంగుల నిపుణుడిగా తిరిగాను. ఒక్కరూ నవ్వలేదు. లోకం అనుకున్నంత చెడ్డదేం కాదు.

కొత్త బంపర్ బిగించిన రోజు కారుని నేనే ఎండలోకి తోయించాను. తెలుపు పక్కన తెలుపు, ఏ వంకా లేదు. సంతోషంగా తల తిప్పేసరికి కారు నల్లటి కిటికీ అద్దంలో ఒక ముసలాయన కనబడ్డాడు. గడ్డం కింద చీపురుకట్టలా తెల్ల వెంట్రుకలు.

"ఒరేయ్, ఇది ఎన్నాళ్ల నుంచి ఉందిరా?"

"చాన్నాళ్ల నుంచి" అన్నాడు బావమరిది.

"మరి చెప్పవేం?"

"అది చెబితే కళ్ల సంగతి కూడా చెప్పాలి కదా బావా. సన్నటి గీతలు నీ సంచికి తగలవు. అవన్నీ నేనే వెతుక్కుని తుడిచేవాణ్ణి. బంపర్ ఒక్కటే నా మిషన్‌కి లొంగలేదు."

"ముందే చెబితే ఇంత గోల ఉండేది కాదు కదరా!"

"చెబితే నువ్వు కౌంటర్లో కూర్చుంటావు. నన్నిక్కడ 'ఒరేయ్' అనేవాళ్లెవరు?"

వాడు నా జేబులోంచి టేపు చుట్ట తీసి, చిన్న ముక్క చింపి, నా గడ్డం కింద అంటించాడు.

"ఇక్కడ పాలిష్ కాలేదు" అన్నాడు. అచ్చం వాళ్లక్క గొంతు.

ఇంతలో డాక్టరమ్మ వచ్చిందని పిలుపొచ్చింది. టేపు పీకడం నా పని కాదు గనక, దాన్ని అలాగే ఉంచుకుని తాళం ఇవ్వడానికి వెళ్లాను.