పదమూడు గొంతులు

రేపటి వంటకి ఆలిసి కొబ్బరి కోరుతోంది. ఆమె భర్త విలియామికి అక్క అయిన లవీనియా చాప మీద కూర్చుని, బడి ఫోను అటూ ఇటూ తిప్పి చూసి తన సంచిలో వేసుకుంది.

"మా అమ్మాయికి కావాలి. మంగళవారం పడవకి తీసుకెళ్తా."

"అది పిల్లలది వదినా," అంది ఆలిసి. అంటూనే నవ్వింది. ఆ నవ్వు ఎందుకొచ్చిందో ఆమెకే తెలియలేదు.

"అక్క అడిగితే కాదంటామా?" విలియామి ఆమెకేసి చూడలేదు. "అయినా నువ్వు చెప్పే చదువేముంది? ఫోను పిల్లలకి పారేసి మూల కూర్చుని చాప అల్లుకుంటావు."

అల్లుకుంటుంది, నిజమే. నోరు కట్టేసుకోవాలంటే చేతులకి పని ఉండాలి. సిగ్నల్ లేని ఈ దీవిలో ఆ పాత ఫోను గొంతులు రికార్డు చేసి దాచుకోవడానికే పనికొస్తుంది. పదమూడుమంది పిల్లలు వంతులేసుకుంటారు. ఏం మాట్లాడాలో తామే ఎంచుకుని ఇంగ్లీషులో మాట్లాడి, విని, ఎక్కడ తడబడ్డారో తామే పట్టుకుంటారు. దిద్దాలని ఆమె నాలుక కొట్టుకుంటుంది, ఆపుకుంటుంది. నిన్న చిన్న ఆనా తన గొంతు నాలుగుసార్లు విని, "ఇది బాలేదు టీచర్, ఉండండి, నేనే మళ్ళీ చెప్తా" అంది. ఆ పిల్లకి ఎనిమిదేళ్ళు. తనకి నలభై ఒకటి. ఈ ఇంట్లో 'ఉండండి' అని తను ఎవరితోనైనా ఎప్పుడైనా అన్నదా?

"ఆ మొహమేంటి? మీ తమ్ముడింటికెళ్ళి వాళ్ళది తెచ్చుకో. అక్కడ అక్కవి నువ్వేగా!" అన్నాడు విలియామి.

ఈ దీవి ఆచారం ప్రకారం అన్నదమ్ముల ఇంట ఆడపడుచు ఏదడిగినా లేదనకూడదు. ఇక్కడ పోయింది అక్కడ రాబట్టుకోవచ్చు. ఇన్నేళ్ళలో ఆలిసి ఒక్కసారీ అడగలేదు. ఇవాళ వెళ్ళింది.

బట్టలుతుకుతున్న మరదలు సేలా, మాట పూర్తికాకముందే చేతులు తుడుచుకుని ఫోను తెచ్చింది.

"తీసుకోండి వదినా, మీకు కాదంటామా?" నవ్వుతోంది. బొటనవేలు మాత్రం ఫోను అంచుని వదల్లేదు. "అందులో మా అమ్మ పాడిన కీర్తన ఉంది. పోయేముందు పాడింది. అదొక్కటి చెరపకండేం."

చాచిన చెయ్యి సగంలో ఆగిపోయింది. లవీనియా ముందు తను నవ్విన నవ్వు ఎదుటివాళ్ళకి ఎలా కనిపిస్తుందో ఆలిసి ఇంతవరకూ చూడలేదు.

"నీ దగ్గరే ఉంచుకో సేలా."

ఆమె తిన్నగా ఇంటికి నడిచింది. ఇంట్లో లవీనియా భోంచేస్తోంది. ఆలిసి సంచిలో చెయ్యిపెట్టి ఫోను తీసింది.

విలియామి లేచి నిలబడ్డాడు.

"నా సంచిలోనే చెయ్యి పెడతావుటే?" అంది లవీనియా.

"ఇది కావాలంటే పదమూడుమందినీ అడగాలి వదినా," అంది ఆలిసి. "ముందు నన్నడగండి. నేను కాదంటున్నాను."