అత్తగారు చూసిన ఊరు

ఆమె కళ్లద్దాల షాపులో పనిచేసేది. ముందు గదిలో ఫ్రేముల వరసలూ, నిలువుటద్దమూ ఉండేవి. వెనక చీకటి గదిలో గోడకి అక్షరాల చార్టు, దానికెదురుగా ఒక కుర్చీ. ఆ వెనక గది ఆమెది. వచ్చినవాళ్ల ముక్కు మీద బరువైన ఇనప ఫ్రేము పెట్టి, అందులో గాజుబిళ్లలు మారుస్తూ "ఇదా? ఇదా?" అని అడిగేది. పొడి మాటలే కాబట్టి అక్కడ నత్తి అడ్డొచ్చేది కాదు. వాక్యం పొడుగైతేనే ఆమెకి కష్టం. మొదటి అక్షరం గొంతులో ఇరుక్కుని కదిలేది కాదు.

పెళ్లయిన కొత్తలో రెండేళ్లు అత్తగారింట్లో ఉంది. అత్తగారు బడిలో హెడ్మిస్ట్రెస్. ఆవిడ గొంతు వింటే వీధి చివర కుక్క కూడా వరసలో నిలబడుతుందని మామగారు చెప్పి నవ్వేవాడు. కోడలి నత్తి తనే వదిలిస్తానని ఆవిడ పూనుకుంది. రోజూ పొద్దున్నే పేపరు చేతికిచ్చి, వరండాలో నిలబెట్టి చదివించేది. సరిగ్గా ఆ వేళకే పక్కింటి ఆడవాళ్లని పిలిచేది. కోడలు "ప్ర... ప్ర..." అంటూ పెనుగులాడుతుంటే, "మెల్లగా చదువు, తొందరేం లేదు" అని, వాళ్లవైపు తిరిగి, "మా రేడియోకి ఇంకా స్టేషను తగల్లేదు" అనేది. అందరూ పైటలు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. మొగుడు గడ్డం గీసుకుంటూ అద్దంలోంచి చూసి, తనూ నవ్వేవాడు. ఆ పేరు చుట్టాల్లో పాకిపోయింది. పెళ్లిళ్లలో ఆమె ముఖం తెలియనివాళ్లు కూడా "రేడియో అంటే నువ్వేనా?" అని పలకరించేవాళ్లు.

తర్వాత మొగుడికి బదిలీ అయింది, అదీ ఆమె పుట్టిన ఊరికే. పదకొండేళ్లలో అత్తగారు ఒక్కసారీ గడప తొక్కలేదు. మామగారు పోయిన ఏడాదికి, పది రోజులుంటానని ఫోను చేసి, ఒక పెట్టెతో దిగింది.

"ఆఫీసులో తనిఖీ నడుస్తోంది, నాకు ఊపిరాడట్లేదు," అన్నాడు మొగుడు. "నువ్వే సెలవు పెట్టి అమ్మకి ఊరు చూపించు. నీ ఊరే కదా."

"స... సరే," అంది ఆమె.

మర్నాడు తొమ్మిదింటికి ఇద్దరూ బయల్దేరారు. గేటు దగ్గర చిన్న మెట్టుంది. అత్తగారు దాన్ని చూసుకోకుండా అడుగేసి తూలి, గేటు పట్టుకుని నిలదొక్కుకుంది. "ఇలాంటి చోట మెట్టు కట్టినవాణ్ణి అనాలి," అంది. బస్సులో కండక్టరు పక్కనుంచి టికెట్టు చాపాడు. ఆవిడ తీసుకోలేదు. "అమ్మగారూ, టికెట్టు," అని రెండుసార్లు అన్నాడు. అప్పుడు ఆవిడ మెడ మొత్తం తిప్పి, తల కాస్త పైకీ కిందికీ ఆడించి, అతని చెయ్యి ఎక్కడుందో వెతుక్కుంది.

కోడలు పక్క సీట్లో కూర్చుని అదంతా చూసింది. ఇలాంటి మెడలు ఆమె వందల కొద్దీ చూసింది. నీటికాసులు. చూపు అంచుల నుంచి మూసుకుపోతూ వస్తుంది. చివరికి గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్య కాస్తే, అదీ మసగ్గా, మిగులుతుంది. అలాంటివాళ్లు షాపుకొస్తే ఆమె అద్దాలు అమ్మేది కాదు. చీటీ మీద డాక్టరు పేరు రాసిచ్చి, "ఇవాళే వెళ్లండి, రేపనొద్దు," అనేది. ఆ డాక్టరు కార్డులు నాలుగు ఆమె సంచీలో ఎప్పుడూ ఉండేవి.

చెబుదామనే అనుకుంది. ముందు దారిలోనే కదా అని, తను పుట్టిన వీధికి తీసుకెళ్లింది. ఆమె తండ్రి దర్జీ. కిందిగదిలో మిషను, మేడమీద ఒకే గదిలో ఆరుగురు. ఇప్పుడు ఆ కిందిగదిలో ఎవరో సైకిళ్లు బాగుచేస్తున్నారు. ఆ గుమ్మం ముందు నిలబడేసరికి ఆమెకి తండ్రి గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

"ఇక్కడే పు... పు... పుట్టానత్తయ్యా."

అత్తగారు ముక్కు దగ్గర కొంగు పెట్టుకుంది. "ఇంత ఇరుగ్గానా? పాపం, మాటకి కూడా బయటికి రావడానికి చోటు లేనట్టుంది."

సైకిళ్లు బాగుచేసే అతను నవ్వాపుకోవడానికి తల దించుకున్నాడు. కోడలు ఆవిడని వీధి మలుపు దాకా నడిపించింది. అక్కడ మునిసిపాలిటీ నీళ్ల ట్యాంకు ఉంది, నాచు పట్టి, పక్కన తుప్పు పట్టిన నిచ్చెనతో.

"అదుగో అత్తయ్యా, మా ఊరి గడియారం స్తంభం. పైన నాలుగు వైపులా నాలుగు గడియారాలు. చుట్టూ చెక్కిన పువ్వులు చూడండి."

వాక్యం మొత్తం నూనె రాసినట్టు జారిపోయింది. ఒక్క అక్షరం కూడా ఇరుక్కోలేదు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

అత్తగారు తలెత్తి, ట్యాంకు వైపూ ఆకాశం వైపూ కాసేపు చూసింది. "బాగుంది," అంది. "పువ్వుల పని ఫర్వాలేదు. మా ఊళ్లోది ఇంతకంటే పొడుగనుకో."

కోడలు సంచీ భుజం మీదికి జరుపుకుంది. సంచీలో కార్డులు సంచీలోనే ఉండిపోయాయి.

ఆ తర్వాత ఆమెకి అడ్డు లేకపోయింది. ఎండిపోయిన చెరువు గట్టు మీద నిలబెట్టి హంసలు చూపించింది. పన్నెండు ఉన్నాయని అత్తగారే లెక్కపెట్టి చెప్పింది. మ్యూజియంలో సున్నం రాలిన ఖాళీ గోడ ముందు ఆపి, "రాణిగారు, చేతి మీద చిలక," అంది. అత్తగారు రెండడుగులు వెనక్కి వేసి, "చిలక రంగు సరిగ్గా కుదరలేదు," అని పెదవి విరిచింది. కాపలా మనిషి కుర్చీలోంచి ఇదంతా వింటున్నాడు. కోడలు అతనికేసి చూసి పెదాల మీద వేలు పెట్టుకుంది. అతను ముందు నవ్వాడు. ముసలావిడ చెయ్యి చాచి గోడని తడుముతూ పక్కకి నడవడం చూశాక నవ్వడం మానేసి, లేచి అవతలి గదిలోకి వెళ్లిపోయాడు.

బయట గుమ్మం దగ్గర ఆ భవనం చరిత్ర రాసిన పెద్ద బోర్డుంది. బడిపిల్లలు కొంతమంది, వాళ్ల టీచరూ దాని ముందు నిలబడి ఉన్నారు.

"నా నోటి సంగతి మీకు తెలుసుగా," అంది కోడలు, పక్కవాళ్లకి వినపడేలా. "మీరు చదివి పెట్టండత్తయ్యా. మీరు చదివితే వినాలని ఉంది."

"అద్దాలు తెచ్చుకోలేదు."

"ముక్కు మీదే ఉన్నాయి కదా."

పిల్లలు ఇటు తిరిగారు. అత్తగారు బోర్డుకి దగ్గరగా జరిగింది. "ఈ... ఈ కట్ట... కట్టడం..." అని, తర్వాతి మాట ఎక్కడుందో దొరక్క ఆగింది. మెడ తిప్పింది. ఇంకో వరసలో మాట పట్టుకుంది. "నూరు... స్తంభా... రా..." ముప్పయ్యేళ్లు బడిని గడగడలాడించిన గొంతు ఒక్కో ముక్కా ఏరుకుంటూ తడబడింది. వెనక వరసలో పిల్లలు కిసుక్కుమన్నారు. టీచరు వాళ్లని కసిరింది.

"మెల్లగా చదవండి," అంది కోడలు. "తొందరేం లేదు."

అత్తగారు చదవడం ఆపేసింది. మెట్లు దిగేటప్పుడు కోడలు చెయ్యి అందివ్వలేదు. ఆవిడే తడిమి, కోడలి మోచెయ్యి పట్టుకుంది. పెళ్లయిన పదమూడేళ్లలో అదే మొదటిసారి. "చెప్పులు జారుతున్నాయి," అంది. ఆ వేళ్లు చల్లగా, బిగుసుకుపోయి ఉన్నాయి. కోడలికి ఒక్క క్షణం జాలేసింది. ఆ క్షణం మెట్లయ్యేదాకా కూడా నిలవలేదు.

సాయంత్రం ఐదింటికి మేడమీద ఉండే ఇంటి ఓనరునీ ఆయన భార్యనీ టీకి పిలిచింది. మొగుడు ఆ రోజు త్వరగానే వచ్చాడు. కప్పులు అందించాక కోడలు తీరిగ్గా కూర్చుంది.

"ఏమేం చూశామో అత్తయ్య చెబుతారు."

అత్తగారు మొదట తటపటాయించింది. కానీ నలుగురి ముందు మాట్లాడటం ఆవిడకి ప్రాణం. గడియారం స్తంభం, దాని మీద పువ్వులు, పన్నెండు హంసలు, రాణిగారి చిలక, అన్నీ పాఠం చెప్పినట్టు వరసగా చెప్పుకొచ్చింది.

"గడియారం స్తంభమా?" అన్నాడు మొగుడు. "ఈ ఊళ్లో ఎక్కడుందమ్మా?"

ఇంటి ఓనరు నవ్వాడు. "అరవై ఏళ్లుగా ఇక్కడే పడున్నాను, నాకెప్పుడూ కనపడలేదు. ఆ చెరువులో నీళ్లు పోయి ఆరేళ్లయింది, హంసలెక్కడివండీ?"

అత్తగారి ముఖంలో రంగు మెల్లగా దిగిపోయింది. ఆవిడ కోడలి గొంతు వినిపించిన వైపు తిరిగింది. అక్కడ కోడలు లేదు, చక్కెర గిన్నె కోసం అప్పటికే లేచింది. ఖాళీ కుర్చీని చూస్తూ ఆవిడ అంది:

"నేనే పొరబడి ఉంటాను."

కప్పు పెట్టబోతే బల్ల అంచు దొరకలేదు. టీ చీర మీద ఒలికింది. "అమ్మకి మతిమరుపు మొదలైంది," అని కొడుకు నవ్వాడు. ఇంటి ఓనరు భార్య మాత్రం నవ్వలేదు. గుడ్డ తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది.

మర్నాడు పొద్దున కోడలు స్టవ్వు దగ్గరుంటే అత్తగారు గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"బ... బస్సులో."

"మీ షాపుకొచ్చే వాళ్లకైతే ఏం చెబుతావ్?"

"ఆ రోజే డా... డాక్టరు దగ్గరికి వెళ్లమంటాను."

అత్తగారు తలాడించింది. "నన్ను ఆడించావు. సరే. నేనూ నిన్ను ఆడించాను. కానీ వాడికి చెప్పకు. తెలిస్తే నన్నిక్కడే పడేస్తాడు. నీ చేతి కింద బతకలేను."

ఆవిడ బతిమాలుతోందని కోడలికి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. ఆ గొంతు బతిమాలడం ఆమె ఎప్పుడూ వినలేదు. చుక్కల మందు మొదలుపెడితే ఉన్న చూపైనా నిలుస్తుందని చెప్పాలి. రెండు ముక్కల మాట. సంచీ మేకుకి వేలాడుతోంది, చెయ్యి చాస్తే కార్డు అందుతుంది.

"చెప్పనులెండి," అంది.

మాట నిలబెట్టుకుంది. అది నిలబెట్టుకోవలసిన మాట కాదని ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు ఆ ఇంట్లో లేరు. పదో రోజు అత్తగారు వెళ్లిపోయింది. మొగుడు "ఫోను చేసి అమ్మ ఎలా ఉందో కనుక్కున్నావా?" అంటే, "బాగున్నారట," అనేది.

ఏడు నెలలకి ఆవిడ తన ఇంటి బావి పక్క మెట్ల మీంచి పడింది. తుంటి ఎముక విరిగింది. అప్పుడు ఆసుపత్రిలో కళ్లు కూడా చూశారు. కంటి డాక్టరు టార్చి ఆర్పేసి, కొడుకుతో అన్నాడు: "నరం ఎండిపోయింది. ఆరు నెలల ముందు తెచ్చినా కాస్త వెలుతురు మిగిలేది."

కొడుకు మెల్లగా భార్య వైపు తిరిగాడు. "నువ్వు రోజూ చేసే పనే కదా ఇది. మనింట్లో పది రోజులుంది. నీకేం అనిపించలేదా?"

ఆమె నోరు తెరిచింది. మొదటి అక్షరం కదల్లేదు.

"నేనే చెప్పొద్దన్నాను," అంది మంచం మీంచి అత్తగారు. "ఒట్టు పెట్టించుకున్నాను. దాన్నేం అనకు."

ఒట్టు సంగతి అబద్ధం. అది కోడలిని కాపాడటానికి చెప్పిందో, జన్మంతా తన కింద ఉంచుకోవడానికి చెప్పిందో కోడలికి ఈనాటికీ తెలియదు.

అత్తగారిని వాళ్లింటికే తెచ్చుకున్నారు. ముందు గది ఖాళీ చేసి మంచం వేశారు. ఆవిడ మళ్లీ ఎప్పుడూ ఒక్క పరుషమైన మాట అనలేదు. స్నానం చేయిస్తే "చల్లగా ఉండమ్మా" అంటుంది. కంచం పెడితే "కూర్చో, అలసిపోయావు" అంటుంది. ఒక్కసారి తిడితే బాగుండునని కోడలు ఎదురుచూస్తుంది. మొగుడు మాత్రం వచ్చినవాళ్లందరికీ, "వీళ్లిద్దరూ ఎంత కలిసిపోయారో," అని చెప్పుకుంటాడు.

నిన్న పొద్దున ఆవిడ కిటికీ పక్కన కూర్చుని అడిగింది.

"ఎండ వచ్చిందా?"

"లేదత్తయ్యా. మ... మబ్బుగా ఉంది."

"అలాగా."

ఇంతలో మెట్ల మీద ఇంటి ఓనరు చెప్పుల చప్పుడైంది. అత్తగారు కిటికీ వైపు మొహం తిప్పి గొంతు పెంచింది.

"ఏమండీ, బయట మబ్బుగా ఉందా?"

"మబ్బుగానే ఉందండీ," అన్నాడాయన.

ఆవిడ తలాడించి, కోడలి వైపు చెయ్యి చాచి, "టీ ఇవ్వమ్మా," అంది.