ధారపోసిన కొడుకు

అక్కయ్య పెట్టె సర్దుతోంది, నేను బట్టలు అందిస్తున్నాను, నా చేతిలో ఉన్నంతసేపూ ప్రతి చొక్కా పదకొండేళ్ళ పిల్లవాడిదే, అక్కయ్య చేతిలోకి వెళ్ళేసరికి పాలుతాగే బిడ్డది అయిపోతోంది, అయినా ఆవిడ ఏమీ వింత లేనట్టు మడత పెట్టి పెట్టెలో పెడుతూనే ఉంది. ఇది గరుడపాడు కోటలో అక్కయ్య గది అని నాకు తెలుసు, కాని గోడలకి కిటికీల బదులు ఓడకి ఉండే గుండ్రటి అద్దాలున్నాయి, వాటి అవతల నీళ్ళు మెల్లగా పైకి వస్తున్నాయి. అక్కయ్య చనిపోయి ముప్పై అయిదేళ్ళయిందని కూడా తెలుసు. ఆ సంగతి ఇప్పుడు ఎత్తితే బాగుండదని ఊరుకుంటాను.

"ఉన్ని బట్టలేవే?" అంటుంది తలెత్తకుండా. "ఆ దేశంలో చలి మామూలుది కాదుట. బాబుగారికి అసలే గొంతు నాజూకు."

"వాడి గొంతు సంగతి నాకు చెబుతున్నావా అక్కయ్యా?"

"వాడు అనకు. దాసీలు వింటారు."

గదిలో దాసీలెవరూ లేరు. అయినా నా నాలుక తనంతట తనే సర్దుకుని, "బాబుగారి గొంతు" అంటుంది. పదేళ్ళ అలవాటు మరి.

వాణ్ణి కన్నది నేను. అక్కయ్య లక్ష్మీనరసాయమ్మ గరుడపాడు రాణి. ఇద్దరు మగపిల్లలు పురిట్లోనే పోయి, ఒక్క ఆడపిల్ల దక్కింది ఆవిడకి. ఆడపిల్లకి గద్దె రాదు, అది వాళ్ళ వంశాచారం. రాజావారు మంచాన పడి, దాయాదులు రోజూ వచ్చి ఆయన ఊపిరి ఎలా ఉందో చూసిపోతున్న రోజుల్లో అక్కయ్య మా ఇంటికి పల్లకీ పంపింది. మా ఆయన పిల్లవాణ్ణి రెండు చేతులమీద ఎత్తి పట్టుకున్నారు, నేను నీళ్ళు ధార పోశాను, ఆయన "ఇచ్చాను" అన్నారు, రాజావారు పడుకునే "పుచ్చుకున్నాను" అన్నారు. ఆ రెండు మాటలతో నా కొడుక్కి నేను పిన్నిగారినయ్యాను. "పన్నెండో ఏడు వచ్చాక నీ సంగతి వాడికి నేనే చెబుతాను, అందాకా నోరెత్తకు" అని అక్కయ్య నా చేతిలో చెయ్యి వేసింది. పదకొండో ఏట ఇంగ్లండులో చక్రవర్తి పట్టాభిషేకం చూపించి, అక్కడే దొరల బడిలో చేరుస్తానని తీసుకువెళ్ళింది. ఒక్కతే తిరిగి వచ్చింది. వాడికి చెప్పిందో లేదో ఆవిడ అనలేదు, నేను అడగలేదు. ఇప్పుడు చొక్కాలు అందిస్తున్నానే గాని, నేను వచ్చింది ఆ మాట అడగడానికే.

"అక్కయ్యా, ఒక మాట అడగాలి."

"ముందు నేనడుగుతాను." పెట్టె మీద కూర్చుంటుంది, తెల్లచీర, నుదుట ఏమీ లేదు, అయినా రాణీతనం ఎక్కడా తగ్గలేదు. "ధార పోసిన సాయంత్రం వాడికి పాలెందుకు ఇచ్చావు?"

"ఏడుస్తున్నాడు. నువ్వు పెట్టిన దాది దగ్గర పట్టలేదు."

"ఒక్క పూట ఏడిస్తే చచ్చిపోతాడా?"

"చేపు వచ్చి నా రవిక తడిసిపోతోందే, నేనేం చెయ్యను?"

"తెర వెనక దాయాదుల ఆడమనిషి ఉందని చూసుకోవద్దూ! 'బిడ్డ ఇంకా కన్నతల్లి పాలే తాగుతున్నాడు, ఈ దత్తత ఉత్తుత్తిది' అని కోర్టుకెక్కారు. నువ్విచ్చిన ఒక్క పూట పాలు నాకు నాలుగేళ్ళ వ్యాజ్యం."

"అందుకేగా నన్ను మళ్ళీ వాణ్ణి ఎత్తుకోనివ్వలేదు."

"ఎత్తుకోనిస్తే దావా పోయేది."

"దావా గెలిచావుగా. ఆ తరవాతైనా ఎత్తుకోనిచ్చావా?"

ఆవిడ లేచి నడుస్తుంది, నేనూ వెనకే నడుస్తాను, గది గుమ్మం దాటితే కోటలో పెద్ద చావడి, హజారం రావాలి, కాని పొడుగాటి వసారా ఒకటి వస్తుంది, చివర కనబడదు, కాళ్ళ కింద మెత్తటి ఎర్ర తివాసీ, అది కూడా తడిగానే ఉంది. రెండు పక్కలా నిలువెత్తు పటాల్లో ఇంగ్లీషు రాణులు. అందరినీ నేను ఎరుగుదును. పదిహేడుసార్లు కడుపుతో ఉండి ఒక్క బిడ్డనీ దక్కించుకోలేని రాణి ఉంది, మగబిడ్డని కనలేదని మొగుడు తల తీయించిన రాణి ఉంది, వాళ్ళ ఒళ్ళో ఉండవలసిన పిల్లలు మాత్రం పటాల్లో లేరు, చేతులు అలా వంపు తిరిగి ఖాళీగా ఉన్నాయి.

"వీళ్ళందరి చరిత్రలూ చదివావుట కదా, పంతులమ్మా!" అంటుంది అక్కయ్య. "బడి మొహం చూడనిదానివి."

"బాబుగారు వదిలేసిన వాచకాలతోనే కూడబలుక్కున్నాను."

"ఎందుకో నాకు తెలియదనుకున్నావా? బాబుగారి దగ్గర్నించి నాకొచ్చే ఉత్తరాలు దొంగతనంగా చదవడానికి."

"చదివాను. ప్రతి ఉత్తరం అడుగునా 'పిన్నిగారికి నమస్కారములు' అని ఒక్క లైను. ఆఖరి ఉత్తరంలో అది కూడా లేదు. మరిచిపోయి రాయలేదా? నేను పిన్నిని కానని తెలిసి రాయలేదా? అది చెప్పు అక్కయ్యా. నేను వచ్చింది అందుకే."

ఆవిడ విననట్టే ఒక పటం ముందు ఆగుతుంది. అందులో ఎవరూ లేరు, ఒక కుర్చీ మాత్రం ఉంది.

"పట్టాభిషేకం రోజున నా పక్కన ఒక ముసలి దొరసాని కూర్చుంది" అంటుంది. "రాజుగారికి మగపిల్లలెందరు అని అడిగాను, మన తెలివి మనది కదా. లేరు, ఇద్దరూ ఆడపిల్లలే అంది. అయ్యో పాపం, మరి దత్తతా అన్నాను. ఎందుకూ, పెద్దమ్మాయి ఉందిగా, ఆవిడే రాణి అవుతుంది అంది. ఎంత తేలిగ్గా అందనుకున్నావు! టీలో పంచదార ఒక చెంచా చాలు అన్నట్టు అంది."

నేను ఆ పటంలో కుర్చీ వంక చూస్తాను.

"పిల్లవాడు నా పక్కనే జరీ తలపాగా పెట్టుకుని కూర్చున్నాడు. చెమట పడుతోంది, తీసేస్తానంటున్నాడు. ఇక్కడ మగవారసుడేడీ మగవారసుడేడీ అని కాగితాల మీద కాగితాలు పంపిన దొరలంతా, అక్కడ కూతురికి రాజ్యం ఇచ్చేవాళ్ళకి వంగి వంగి దండాలు పెడుతున్నారు. ఇంటి దగ్గర నా కూతురు ఉంది. నాకు కూతురు ఉంది కదే!"

"నాకు ఒక్కడే కొడుకు ఉండేవాడు" అంటాను.

"అప్పుడే ఓడెక్కించి నీకు తెచ్చి ఇచ్చేయాలనిపించింది."

"మరి తేలేదే?"

"ఇచ్చిన బిడ్డని తిరిగి ఇవ్వడానికి ఏ మంత్రం ఉంది? ఏ పురోహితుడు చేయిస్తాడు? పైగా నాలుగేళ్ళు కోర్టులో ప్రమాణం చేశాను, వీడు నా కొడుకే అని." నవ్వుతుంది, బతికుండగా కూడా అలాగే నవ్వేది, పెదవుల ఒక పక్కనే. "చలిదేశం బడిలో దిగబెట్టి వచ్చేశాను. రాణి కొడుకు అలాగే చదవాలన్నారు."

నీళ్ళు పటాల చట్రాల దాకా వచ్చాయి, అయినా మా చీరలు తడవడం లేదు. ఆవిడ చెయ్యి పట్టుకుంటాను, పట్టుకోవడానికి బరువేమీ లేదు.

"వాడికి చెప్పావా లేదా?"

"నేను తిరిగొచ్చాక పద్నాలుగేళ్ళు బతికున్నాను. ఒకే పందిట్లో పెళ్ళిభోజనాలు చేశాం. నా ఆఖరి జబ్బులో నా కాళ్ళు కూడా పట్టావు. ఒక్కసారి అడిగావా?"

"నువ్వే చెబుతావని చూశాను."

"నువ్వు అడుగుతావని నేను చూశాను."

"ఇప్పుడు అడుగుతున్నాను."

అక్కయ్య నా వంక జాలిగా చూస్తుంది, ఆ జాలి నేను ఎన్నడూ ఎరగనిది. "పిచ్చిదానా, ఇప్పుడు నేను నీ కలలో మనిషిని. నీకు తెలియనిది నాకెక్కణ్ణించి వస్తుంది? చెప్పానంటే నువ్వు చెప్పించుకున్నట్టు, చెప్పలేదంటే నువ్వు అనిపించుకున్నట్టు. నా దగ్గర ఉన్న నిజం నాతోపాటే కాలిపోయింది."

అంతలో వసారా చివర వాడు కనబడతాడు, నల్ల కోటు, పక్కన పెట్టె, వీపు మా వైపు, పెద్ద తలుపు తెరుచుకోవడం కోసం నిలబడ్డాడు. అక్కయ్య లేదు. నేను పరుగెత్తుతున్నాను, తివాసీ వెనక్కి జారిపోతోంది, ఎప్పుడూ పిలవని పిలుపు గొంతులోకి వస్తుంది, "నాన్నా! నాన్నా! నేనురా, మీ అమ్మని!" అని ఊపిరంతా పెట్టి అరుస్తాను. వాడు తిరగడు. తలుపు తెరుచుకుంటుంది.

కళ్ళు తెరిచేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. విజయనగరంలో నేనుండే రెండు గదుల వాటా, గుమ్మంలో ఎండ, నాకు సాయంగా ఉంటున్న పోలమ్మ చాటలో బియ్యం ఏరడం ఆపి నావంక చూస్తోంది.

"ఏటమ్మగోరూ, నిద్దట్లో ఆ కేకలేటి?"

"ఏమన్నానే?"

"బాబుగోరూ, బాబుగోరూ అన్నారు. ఏ బాబుగోరమ్మా?"

"ఇంకేమైనా అన్నానా?"

"నేదమ్మా. అదొక్కటే."

మంచినీళ్ళు తాగాను. పోలమ్మ మళ్ళీ బియ్యం ఏరుకుంది.

నా కొడుకు పద్మనాభరాజు 1937 మార్చి ఇరవై రెండున విజయనగరం స్టేషన్‌లో రైలెక్కాడు. 1940 ఫిబ్రవరిలో ఇంగ్లండులో న్యుమోనియాతో పోయాడు. తిరిగి రాలేదు.